ఐదో ముక్క

మా అత్తగారు "తలవంపులు" అనే మాటను ఉప్పులా వాడేవారు, చిటికెడు లేనిదే ఏదీ రుచించదన్నట్టు. నేను తల దువ్వుకోకుండా వీధి గుమ్మంలోకి వెళ్తే తలవంపులు, మరిది గట్టిగా తుమ్మితే తలవంపులు. డిగ్రీ చదివినదాన్ని కదా, ఒకసారి నిఘంటువు తీశాను. అవమానం, అప్రతిష్ఠ అని ఉంది. తుమ్ము ఊసే లేదు.

మాది తెరలు కుట్టే దుకాణం. బేరాలు మా ఆయనవి, కత్తెర నలభై ఏళ్లుగా అత్తగారిది. నాకు భోజనం క్యారేజీ మొయ్యడం, గుడ్డలు మడతపెట్టడం వరకే అనుమతి.

ఆ వారం ఒక నాటకశాలకి తెర కుట్టాం. ముదురెరుపు మఖమల్, ఆరు నిలువు ముక్కలు. మఖమల్‌కి నూగుంటుంది. పైనుంచి కిందికి నిమిరితే పెంపుడు పిల్లిలా లొంగుతుంది, కిందినుంచి పైకి నిమిరితే ఎదురు తిరుగుతుంది. ఒక్క ముక్క తలకిందులైనా దీపాల వెలుగులో అదొక్కటే వేరే రంగులో కనిపిస్తుంది.

కుట్టడం అయిపోయిన తెరను మడతపెడుతుంటే ఐదో ముక్క నా అరచేతికి ఎదురు తిరిగింది. వెనక్కి తిప్పి చూశాను. నూగు వాలు చూపడానికి సుద్దతో గీసిన బాణం నూగుకి ఎదురు దిక్కున ఉంది. గీత అత్తగారిదే.

మా ఆయనకి చెబితే నా చెవిలో గుసగుసలాడారు. "నాటకశాల మేనేజరు గుమ్మంలో ఉన్నాడు. నత్త తిరగేసి కుట్టాడని చెప్పేద్దాం. అమ్మ పేరు బయటికొస్తే తలవంపులు."

నత్త అని మేం పిలిచేది మా పాత దర్జీని. చేతి పని నిదానం, చెవులు మాత్రం చురుకు. "అలాగే కానివ్వండి బాబూ," అన్నాడు మిషను మీంచి. "నెమ్మదని పేరుంది. తోడుగా ఇదొకటి."

నేను తెర అంచు తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టాను. "అత్తయ్యా, ఒకసారి నిమరండి."

నిమిరారు. చెయ్యి మధ్యలో ఆగింది. తర్వాత లేచి, చీర కొంగు సర్దుకుని, తిన్నగా మేనేజరు ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"తెర ఇవాళ ఇవ్వను బాబూ. ఐదో ముక్క తిరగేసి కోశాను. కోసింది నేనే."

"బాగానే ఉంది కదండీ?"

"ఇక్కడ బాగానే ఉంటుంది. అక్కడ దీపాలు వెయ్యగానే జనం నాటకం మానేసి దీన్నే చూస్తారు. రేపు మధ్యాహ్నానికి మేమే తెచ్చి కడతాం."

"రేపు సాయంత్రమే ఆటండీ!"

"అందుకే మధ్యాహ్నం అన్నాను."

మేనేజరు వెళ్లగానే మా ఆయన అందుకున్నారు. "నలుగురిలో ఏంటమ్మా ఇది? తలవంపులు కాదూ?"

"పొరపాటుకి తలవంపులేమిట్రా? అది నత్త నెత్తిన రుద్ది ఊరుకుంటే, దానికుంది ఆ పేరు."

నిఘంటువువాళ్లు ఇంత వివరంగా రాయలేదు.

అత్తగారు తానులో మిగిలిన గుడ్డ బల్ల మీద పరిచారు. కత్తెర చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం చూసి, నా ముందు పెట్టారు.

"నువ్వు కొయ్యి."

"నేనా? పాడైతే?"

"పాడుచేసే హక్కు నాకొక్కదానికే రాసిచ్చారా? కనిపెట్టిన చెయ్యి నీది. కానియ్యి."

రెండుసార్లు నిమిరి, బాణం గీసి, కోశాను. ఆవిడ సరిచూడలేదు. సరిచూడకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డారో మాత్రం బల్ల అంచు పట్టుకున్న వేళ్లు చెప్పాయి.

మర్నాడు మధ్యాహ్నం తెర కట్టి దీపాలు వేశారు. ఈ కొసనుంచి ఆ కొసకి ఒకటే ఎరుపు. మేనేజరు వెనక్కి నడిచి చూశాడు, ముందుకొచ్చి చూశాడు.

"ఇందులో ఐదోది ఏదండీ, అసలు తెలియట్లేదు!"

"తెలియదు," అన్నారు అత్తగారు, నిచ్చెన మీదున్నవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా. "అది మా కోడలు కోసింది."