లెసన్ ప్లాన్ మీద పేరు

“రాశావా?” అంటారు మా ఆయన ప్రతి ఆదివారం సాయంత్రం. ఏంటని అడగక్కర్లేదు. గ్రైండరులో పిండి తిరుగుతుండగానే చెయ్యి కడుక్కుని ఆయన లెసన్ ప్లాన్ పుస్తకం ముందేసుకుంటాను. వచ్చే వారం పాఠాలు ఎలా చెప్పబోతారో అందులో రాసి, సోమవారం హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకోవాలి. పేజీ పైన ఉపాధ్యాయుని పేరు అన్నచోట ఆయన పేరు కూడా నేనే రాస్తాను. పదకొండేళ్ళుగా ఇదే వరస.

ఆయన కృష్ణకాంత్, రేపల్లె గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నేను తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఇద్దరిదీ అదే బి.ఎడ్., అదే పదో తరగతి, అదే పుస్తకం. ఆయనకు రోజుకు నాలుగు పీరియడ్లు. నాకు ఏడు, పైన స్టడీ అవర్. ఆయన జీతం ఎనభై వేలు దాటింది. నాది పద్దెనిమిది వేలు. వేసవిలో అదీ ఇవ్వరు, అడ్మిషన్ల కోసం మాత్రం పక్కనున్న నందివెలుగులో ఎండనబడి ఇల్లిల్లూ తిరగాలి. “వాడిది ఉద్యోగమమ్మా, నీది వ్యాపకం,” అంటారు మామయ్యగారు, నేనిచ్చిన కాఫీ తాగుతూ. ఒళ్ళు మండిపోతుంది.

మొన్న బాపట్ల నుంచి ఆఫీసర్లు తనిఖీకి వచ్చారట. ఆ లెసన్ ప్లాన్ పుస్తకం చూసి ముచ్చటపడి, అందరి ముందూ ఆయనకు శాలువా కప్పారట. ఇంటికొచ్చి దాన్ని నా ఒళ్ళో పడేశారు.

“గవర్నమెంటు జీతాలు ఊరికే ఇస్తారా మరి, ఝాన్సీ? క్వాలిటీ ఉండాలి. మీ ప్రైవేటోళ్ళకి అదెక్కడ ఏడిసింది?”

వెటకారంగా అనలేదు. నిజంగానే అన్నారు. ఆ క్వాలిటీ నా చేతిరాత అన్న సంగతే ఆయనకు గుర్తు లేదు. అదీ నా కడుపుమంట.

ఇంతలో డీఎస్సీ పడింది. వయసు లెక్కన నాకిదే ఆఖరిది. ఈ ఆదివారం ధైర్యం చేసి, “పరీక్ష దాకా ఆదివారాలు చదువుకుంటానండి,” అన్నాను.

“నువ్వు చదువుతూ కూర్చుంటే నా లెసన్ ప్లాన్ ఎవరు రాస్తారే?”

“మీరే రాసుకోండి.”

“బాగుంది సంబడం! ఇంట్లో ఒక గవర్నమెంటు జీతం చాలదా? ఈ వయసులో నీకెందుకు ఈ తాపత్రయం? ముందు అది రాయి, రేపు సంతకం పెట్టించాలి.”

కూర్చుని రాశాను. త్రికోణమితి, ఆరు పీరియడ్లు, ఒక్క కొట్టివేత లేకుండా. ఎప్పటికన్నా బాగా కుదిరింది. పుస్తకం ఆయన బ్యాగులో నేనే సర్దాను. ఆయన తెరిచి చూడరు, ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. రేపు చూసేది హెడ్మాస్టరే.

ఉపాధ్యాయుని పేరు అన్నచోట, కొట్టొచ్చినట్టు కనబడేలా, ఝాన్సీలక్ష్మి, ఎమ్మెస్సీ, బి.ఎడ్. అని రాశాను.