ఎడమ పక్క దెబ్బలు

రిమోట్‌తో నడిపే బావ పందెం బగ్గీకి ముందు ఆర్మ్ మళ్లీ విరిగింది. చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే నల్లటి నైలాన్ ముక్క అది. అరచేతిలో ఇమిడిపోతుంది. ట్రాక్ అంచున పరిచిన ప్లాస్టిక్ గొట్టానికి గుద్దుకోగానే పటుక్కుమంది. చక్రం వేలాడేసుకుని బగ్గీ కుంటుతూ పక్కకి జరిగి, దుమ్ములో ముక్కు పెట్టి ఆగిపోయింది.

"చూశావా నీ పనితనం!" డ్రైవర్లు నిలబడే చెక్క అరుగు మీద నుంచి బావ అరిచాడు. పక్కనున్న డ్రైవర్లు నవ్వీ నవ్వనట్టు మొహాలు తిప్పుకున్నారు.

కిందనున్న బావమరిదికి చెవులు వేడెక్కాయి. ట్రాక్ దగ్గర అందరూ అతన్ని నట్టు అంటారు. మిషను షాపులో లేతు మీద పని. ఏ జేబులో చెయ్యి పెట్టినా రెండు నట్లో ఒక బోల్టో తగులుతాయి కనక ఆ పేరు బావే పెట్టాడు. బగ్గీని విప్పడం, బిగించడం నట్టు వంతు. నడపడం బావ వంతు. అక్క పెళ్లయిన కొత్తలో మొదలైన పొత్తు అది.

నడపడంలో బావకు సాటి లేదు. ఆయన క్రేన్ ఆపరేటర్. కట్టే భవనాల పక్కన ఆకాశంలోకి లేచే పొడుగాటి క్రేన్ల పైన, చిన్న గాజు గదిలో కూర్చుని రెండు మీటలతో టన్నుల బరువులు దింపుతాడు. ఇనుప చువ్వల మోపును నేల మీద పిల్లని పడుకోబెట్టినంత మెత్తగా దించుతాడని పేరు. ఆ వేళ్లకి బొమ్మంత బగ్గీ ఓ లెక్కా! మొన్న మొన్నటి దాకా గొట్టానికీ చక్రానికీ మధ్య వేలు పట్టనంత సందులోంచి మలుపు కోసేవాడు. అలాంటిది కొన్ని వారాలుగా ఏ ఆదివారమూ బండి ఒళ్లు పదిలంగా ఇంటికి రావడం లేదు.

తప్పు బండిదేనని మొదట నట్టు కూడా నమ్మాడు. నమ్మడానికి కారణాలూ ఉన్నాయి. దిబ్బ మీంచి ఎగిరి దిగినప్పుడల్లా బగ్గీ పొట్ట నేలకి తగిలేది. కుదుపులు ఆపే షాక్‌లలో చిక్కటి నూనె పోసి ఆ జబ్బు కుదిర్చాడు. మలుపులో వెనక భాగం జారిపోతుంటే వెనక స్ప్రింగులు మెత్తటివి వేశాడు. అదిరి అదిరి ఊడిపోతున్న స్క్రూలకి నీలం జిగురు పూసి బిగించాడు. బండి దారికొచ్చింది. ఆర్మ్‌లు మాత్రం విరుగుతూనే ఉన్నాయి.

పట్టుదలకొచ్చి, షాపులో భోజనాల విరామంలో అల్యూమినియం పట్టీ కోసి ఆర్మ్‌కి ఊతంగా బిగించాడు. ఆ ఆదివారం ఆర్మ్ విరగలేదు. అది తగిలించిన దిమ్మే రెండు ముక్కలైంది. అప్పుడు తల పట్టుకున్నాడు. దెబ్బ ఎక్కడికీ పోదు. ఒకచోట గట్టి చేస్తే ఇంకోచోట విరగ్గొడుతుంది. గట్టిదనం కాదు, వంగే గుణం కావాలి.

అందుకని మర్నాడు అక్క వంటింట్లో టీ గిన్నె నిండా నీళ్లు పోసి కొత్త ఆర్మ్‌లు ఉడకేశాడు. నైలాన్ నీళ్లు తాగితే పెళుసుతనం పోతుంది.

అక్క వచ్చి మూత తీసింది. "ఏంట్రా ఇవి?"

"చేతులు."

"ఎవరివి?"

"మీ ఆయన విరగ్గొట్టేవి."

"మరి మా ఆయన పగలగొట్టిన టీ కప్పులు కూడా ఇందులో వెయ్యి, అతుక్కుంటాయేమో." అక్క నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "ఈ మధ్య ఆయనకి ఏమయిందోరా. బల్ల మీద పెట్టిన కప్పుని మోచేత్తో నెట్టేస్తున్నారు. గుమ్మానికి భుజం కొట్టుకుంటున్నారు. అడిగితే, ఇల్లు ఇరుకు అంటారు. ఇన్నేళ్లూ లేని ఇరుకు ఇప్పుడెక్కడిది?"

నట్టు ఊ కొట్టాడు గానీ అతని ధ్యాసంతా గిన్నెలోనే ఉంది.

ఉడికిన ఆర్మ్‌లు బిగించి, ఆ శనివారం సాయంత్రం ట్రాక్ ఖాళీగా ఉన్నప్పుడు బగ్గీని తనే నడిపి చూశాడు. నట్టు గొప్ప డ్రైవరేమీ కాదు. అయినా బండి చెప్పినట్టు విన్నది. రెండుసార్లు గొట్టానికి గట్టిగానే గుద్దాడు. ఆర్మ్ వంగి, మళ్లీ నిటారుగా అయింది. దిబ్బ మీంచి దూకితే నాలుగు చక్రాల మీదా దిగింది. అతనికి సంతోషం పట్టలేదు. బావకి ఫోన్ చేసి, "రేపు గొట్టాన్ని కొట్టినా పర్లేదు బావా, బండి తట్టుకుంటుంది," అన్నాడు.

"నేనెందుకు కొడతానురా? నీ బండి లాక్కెళ్లి కొడుతోంది," అన్నాడు బావ.

మర్నాడు మొదటి పందెంలోనే ఎడమ ఆర్మ్ పోయింది. అది మార్చాక రెండో పందెంలో కుడిది పోయింది. తగలడం కాదు, వేగం కొంచెమైనా తగ్గించకుండా, అక్కడ గొట్టమే లేదన్నట్టు నేరుగా పోయి గుద్దడం. ఆ దెబ్బకి ఏ ఆర్మ్ ఆగుతుంది?

నట్టు విరిగిన ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. బండిలో వంకర ఉంటే ఒకే పక్కకి లాగాలి. ఒకసారి ఎడమ, ఒకసారి కుడి విరగడమేంటి? మూడో పందెం మొదలవగానే బండిని చూడటం మానేసి, అరుగెక్కి బావ వెనక నిలబడ్డాడు. బావ కళ్లు ఎటు పోతే తన కళ్లూ అటే పోనిచ్చాడు.

బగ్గీ దూరంగా వెళ్తూ ఎడమ చక్రాన్ని గొట్టానికి రాసింది. అవతలి చివర తిరిగి, ఇటు వస్తూ కుడి చక్రాన్ని రాసింది. వెళ్లేటప్పుడు బండికి ఎడమ, బావకీ ఎడమే. ఎదురొచ్చేటప్పుడు బండికి కుడి పక్కే బావకి ఎడమ. దెబ్బలన్నీ ఒకే వైపు. బండికి కాదు, మనిషికి.

టీ కప్పులు, గుమ్మం, భుజం ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పందెం అయ్యాక బావకి ఎడమ పక్కగా వెళ్లి, చడీ చప్పుడు లేకుండా స్క్రూడ్రైవర్ చాపి నిలబడ్డాడు. బావ బండి వైపే చూస్తూ, "స్క్రూడ్రైవర్ ఏదిరా?" అన్నాడు. అది ఆయన చెంపకి బెత్తెడు దూరంలో ఉంది.

"ఇదిగో బావా."

బావ ఉలిక్కిపడి తల తిప్పాడు. "ఎప్పుడొచ్చావు?"

"ఇక్కడే ఉన్నాను. నీకు ఎడమ పక్క కనపడటం లేదు."

"నీ మొహం. కళ్లద్దాలు మార్చాలి, అంతే."

"అద్దాలది కాదు బావా. ఇది ఎప్పట్నుంచి?"

బావ స్క్రూడ్రైవర్ అందుకుని చేతిలో తిప్పాడు. తర్వాత, ఒకరోజు పైన క్రేన్‌లో ఉండగా తల పగిలిపోయేంత నొప్పి వచ్చిందని, మాత్ర వేసుకుంటే తగ్గిందని, అంతకు మించి ఏమీ లేదని ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"రేపు పనికి వెళ్లొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

"డాక్టరు ఏదో ఒకటి రాస్తాడు. ఆ చీటీ చూసి నన్ను కిందికి దించేస్తారు. దిగి ఏం చెయ్యను? గేటు దగ్గర కూర్చుని ఈగలు తోలుకోనా?" బావ గొంతు తగ్గించాడు. "ఈ భవనం స్లాబు పూర్తి కానీ. తర్వాత చూద్దాం. మీ అక్కతో అన్నావంటే మర్యాదగా ఉండదు."

నట్టు ఆ సాయంత్రమే అక్కతో అన్నాడు. అక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది. పొద్దున్నే ఎలాగైనా ఆపుతానంది. కానీ ఆమె నిద్ర లేచేసరికే బావ డ్యూటీకి వెళ్లిపోయాడు. ఫోన్ ఎత్తలేదు.

అక్క ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే నట్టు లేతు ఆపేసి, చేతుల నూనె కూడా కడుక్కోకుండా బయల్దేరాడు. దారి పొడుగునా ఒకటే మథనం. బావ మీద ఫిర్యాదు చెయ్యడమంటే అన్నం పెట్టే చేతిని విరిచినట్టే. చెయ్యకపోతే? బగ్గీకి విరిగితే ఆర్మ్ మారుస్తాం. అక్కడ క్రేన్ కింద తిరిగేవి ప్రాణాలు.

అతను గేటు దగ్గరికి చేరేసరికి చువ్వల మోపు గాల్లో ఉంది. కింద నుంచి సైగలు చేసే మనిషి వాకీటాకీలో గొంతు చించుకుంటున్నాడు. "ఎడమ ఉంది! ఎడమ చూసుకో! ఆపు, ఆపు!" మోపు కొస గోడకి కట్టిన పరంజాని గీసుకుంటూ పోయింది. దాని మీదున్న తాపీ మేస్త్రీ చెక్కల మీద బోర్లా పడుకున్నాడు. ఆయన తల పైనుంచి చువ్వలు ఊగుతూ దాటిపోయాయి. ఒక సిమెంటు తట్ట కింద పడి పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ లేచి, తల తడుముకుని చూసుకున్నాడు.

సైగల మనిషి ఉమ్మేసి, "ఈ మధ్య గురువుగారు మనసు పెట్టడం లేదు," అన్నాడు.

నట్టు ఇంక ఆలోచించలేదు. సైటు ఇంజినీరు దగ్గరికి వెళ్లి, "పైనున్నాయన మా బావ. ఆయనకి ఎడమ వైపు చూపు లేదు. దించేయండి," అన్నాడు.

బావ నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగాడు. కిందికొచ్చేసరికి పనివాళ్లు గుమిగూడి ఉన్నారు. ఇంజినీరు ఏదో అడుగుతున్నాడు. బావ ఆయన్ని చూడలేదు. నట్టు నూనె చేతుల వైపు చూశాడు, తర్వాత మొహంలోకి చూశాడు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు. తిడితే బాగుండునని నట్టుకి అనిపించింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, తన ముక్కునే చూడమని బావకి చెప్పి, ఒక వేలు ఎడమ పక్క నుంచి నెమ్మదిగా తెచ్చింది. వేలు ముక్కు దగ్గరికి వచ్చే దాకా బావ "కనపడింది" అనలేదు. స్కానింగ్ తీశారు. కళ్లు బాగానే ఉన్నాయట. తల వెనక భాగంలో రక్తం గడ్డ కట్టి, చూపుని అందుకునే చోటు దెబ్బతిన్నదట. రెండు కళ్లకీ ఎడమ సగం పోయింది. చాలామందికి అది పోయినట్టే తెలియదట. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మందులు వాడకపోతే మాత్రం ఈసారి ఇంతటితో ఆగదని గట్టిగా చెప్పింది.

అక్క వరండాలో కూర్చుని మొదటిసారి ఏడ్చింది. "ఎంత మంచి పని చేశావురా," అంది. ఆ మాట నట్టుకి ఎక్కడా ఆనలేదు.

తర్వాత వారాల తరబడి బావ అతనితో మాట్లాడలేదు. అక్క పిలిస్తే నట్టు వెళ్లేవాడు, బావ లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేవాడు. మాట్లాడుకోవాల్సింది బావా తనూ అయినా, మాటలు అక్క మీదుగా తిరిగి రావాల్సి వచ్చేది. "మీ తమ్ముణ్ని మందులు తెమ్మను." "బావని ఏ మందులో చెప్పమను." సైటులో బావకి క్రేన్ గొలుసులూ కొక్కేలూ సరిచూసే పని ఇచ్చారు. గేటు దగ్గర ఈగలు తోలడం కన్నా మేలే. కానీ తన క్రేన్‌ని ఇంకెవడో కుర్ర ఆపరేటరు నడుపుతుంటే తల ఎత్తి చూడకుండా పని చేస్తున్నాడని సైగల మనిషి చెప్పాడు.

రెండోసారి స్కానింగ్‌కి వెళ్లాల్సిన రోజు అక్కకి జ్వరమొచ్చింది. నట్టు గుమ్మం బయట నిలబడి ఎదురు చూశాడు. బావ చెప్పులు వేసుకుని వచ్చి, అతన్ని దాటుకుని మెట్లు దిగాడు. నట్టు వెంట నడిచాడు. రద్దీ రోడ్డు. ఎడమ పక్క నుంచి వచ్చే బళ్లు బావకి తగలకుండా ఆ వైపునే నడుస్తున్నాడు.

కొంత దూరం పోయాక బావ ఆగాడు. "నేను దిగలేదురా. నువ్వు దించావు. నలుగురిలో దించావు."

"అవును బావా."

"ఆ తాపీ మేస్త్రీకి ఇద్దరు పిల్లలట. నిన్న నా దగ్గరికి వచ్చి, బాగున్నావా అన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను." బావ చెప్పుకాలితో ఓ రాయిని పక్కకి తోశాడు. "నీ మీద కోపం పోలేదు. ఎప్పుడు పోతుందో కూడా తెలీదు. పోయిందా పోయిందా అని అడిగావో, చూసుకో."

"అడగను."

ఇద్దరూ మళ్లీ నడిచారు. ఆస్పత్రి మలుపు దగ్గర బావ విసుగ్గా తల ఎడమకి తిప్పి వెతుక్కున్నాడు.

"ఇటు కుడి పక్కకి రా. అక్కడ ఉంటే తిట్టడానికి కూడా కనపడి చావవు."

నట్టు కుడి పక్కకి వచ్చాడు. ఎడమ నుంచి బస్సు వస్తుంటే, బావ భుజాల మీదుగా చెయ్యి చాపి ఆయన్ని ఆపాడు. బావ ఆ చేతిని తోసెయ్యలేదు. బస్సు దాటిపోయే దాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.