కడిగిన ఆకులు

మా అత్తకు ఇంట్లో ఎవరి మాటా చెవికెక్కదు, ఒక్క ఫోన్ మాట తప్ప. రైతు సంఘం వాళ్ళిచ్చిన ఆ ఫోన్‌తో ఆకు ఫోటో తీసి పంపితే, తెగులుందో లేదో అది పైకే చెబుతుంది. అందరి ఫోటోలను బట్టి సంఘం వాళ్ళ పటంలో బాగున్న చేను పచ్చగా, తెగులున్న చేను ఎర్రగా కనిపిస్తుంది. అత్త చేను మొదట్నుంచీ పచ్చే. "మీ పంట ఆరోగ్యంగా ఉంది, అభినందనలు" అని ఫోన్ అన్నప్పుడల్లా, దాన్ని నా చెవి దగ్గర పెట్టి ఇంకోసారి వినిపించేది. ఇన్నేళ్ళలో ఆవిడ సేద్యాన్ని మెచ్చుకున్న గొంతు ఇంకోటి లేదు. నాదైతే అసలే లేదు.

ఆవిడది పై చేను, మాది కింది చేను. రెండిట్లోనూ బంగాళాదుంపే. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు కాబట్టి కింది చేను బరువంతా నా నెత్తినే. ఏడాది పొడుగునా ఇల్లు గడిచేది దాని మీదే.

ఆ పొద్దున మబ్బు కమ్మింది. మధ్యాహ్నానికి వానంటున్నారు. పై చేను నుంచి వచ్చే గాలిలో ఏదో కుళ్ళు వాసన తగిలింది. గట్టెక్కి పై చేలోకి దిగాను. పైపై ఆకులు నిగనిగలాడుతున్నాయి. ఒంగి చూస్తే అడుగు ఆకుల నిండా నల్లటి మచ్చలు, తిప్పితే తెల్లటి బూజు. వాన పడితే ఆ బూజు గాలిలో, నీళ్ళలో కొట్టుకొచ్చి మా చేలో దిగుతుంది. ఇక మాకు మిగిలేది మట్టే.

"అత్తయ్యా, ఇటు రండి! చేనంతా తెగులు పట్టేసింది, చూసుకోలేదా?"

"నోరు ముయ్. నిన్ననేగా ఫోన్ బాగుందంది. దానికంటే నీకెక్కువ తెలుసా?"

"ఏ ఆకు ఫోటో తీశారో, నా ముందు తీయండి చూద్దాం."

తీసింది. పెళ్ళిచూపులకు వెళ్ళినట్టు చేనంతా తిరిగి, మచ్చలేని ఆకునొకదాన్ని ఎంచింది. చెంగు నీళ్ళలో తడిపి అటూ ఇటూ సుతారంగా తుడిచింది. అప్పుడు తీసింది ఫోటో.

"అదేంటి, కడుగుతున్నారు?"

"ముఖం కడుక్కోకుండా ఫోటో దిగుతావా నువ్వు? సంఘమంతా చూసే ఫోటో. మురికి ఆకు చూపించి పరువు తీసుకోమంటావా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం నషాళానికి అంటింది. ఫోన్ లాక్కుని అడుగు ఆకుకి, వెనక వైపు, ఫోటో తీసి పంపాను. అదే తియ్యటి గొంతుతో ఫోన్ చెప్పింది: "తెగులు తీవ్రంగా ఉంది." అత్త ఇంకోసారి వినిపించమని అడగలేదు.

ఊరి చేలన్నిటికీ మందు కొట్టుకుంటూ అప్పటికే తూనీగ మా దాకా వచ్చేసింది. సంఘం తరఫున డ్రోన్ ఎగరేసి మందు కొట్టే అమ్మాయికి ఊళ్ళో పెట్టిన పేరది. ట్యాంకులో ఒక్క చేనుకి సరిపడా మందే మిగిలింది. వెళ్ళి నింపుకొచ్చేసరికి వాన అందుకుంటుంది. మందు ఆకుకు పట్టి ఆరాలంటే ఇప్పుడే కొట్టాలి.

"ఎర్ర చేనుకే ముందు కొట్టాలక్కా, సంఘం రూలు. ఇప్పుడే పై చేను ఎర్రగా మారింది" అంది తూనీగ నాతో.

"కొడితే నా చేను బతుకుతుందా?" అని అడిగింది అత్త.

తూనీగ ఒంగి నాలుగు మొక్కలు తిప్పి చూసి లేచింది. "బతకదు పెద్దమ్మా. ముదిరిపోయింది. వానలోపే పీకి పూడ్చేయాలి. కింది చేనుకి ఇంకా అంటలేదు, దానికి కొడితే దక్కుతుంది. కానీ మీ వంతు వద్దని మీరే ఫోన్‌లో చెప్పాలి."

చెప్పండి అత్తయ్యా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కాళ్ళ మీద పడైనా అడగాలనిపించింది. అడగలేకపోయాను. ఏ నోటితో అడగను, ఆవిడ చేను ఆవిడ చేతులతోనే చంపుకోమని?

"ఒక్కసారి కొట్టి చూడవే. ఏమో, బతుకుతుందేమో" అంది అత్త.

ఎక్కడో ఉరిమింది. అత్త పై చేను చూసింది, కింది చేను చూసింది, నన్ను మాత్రం చూడలేదు. ఫోన్ అందుకుంది.

"మీ వంతు మందు వదులుకుంటున్నారా? అవును లేదా కాదు అని చెప్పండి."

అత్త పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఫోన్ మళ్ళీ అడిగింది. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టబోయింది.

"నువ్వు చెప్పవే."

"మీ గొంతే కావాలి పెద్దమ్మా" అంది తూనీగ, నేల చూస్తూ.

ఫోన్ మూడోసారి అడిగింది.

"అవును, అవునంటున్నానా! ఎన్నిసార్లు చెప్పించుకుంటావే ముదనష్టపుదానా!" అని అరిచింది అత్త.

ఫోన్ ధన్యవాదాలు చెప్పింది. డ్రోన్ లేచి మా చేను మీదికి వెళ్ళింది. అది ఈ కొస నుంచి ఆ కొసకి మందు చల్లుకుంటూ పోతుంటే నా ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటే సిగ్గూ వేసింది.

అత్త తన చేలో మొదటి వరస దగ్గర కూర్చుంది. ఒక మొక్క మొదలు పట్టుకుంది, వదిలేసింది.

"మొదటిది నువ్వు పీకవే. నాకు చేతులు రావట్లేదు."

పొద్దున్నుంచీ ఆ చేను మీద నిప్పులు కక్కిన నాక్కూడా రాలేదు. పక్కన కూర్చుని ఆవిడ చేతి మీద నా చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి లాగాం. వేళ్ళతో పాటు గోలీలంత దుంపలు గుత్తిగా బయటికొచ్చాయి.

"బాగానే ఊరుతున్నాయే" అంది అత్త, ఏడుస్తూ.

నేను రెండో మొక్క పట్టుకున్నాను.