పది ప్లై టైర్లు

మా ఆయన ఏదో ఒకరోజు ట్రాక్టరు కింద నలిగి చచ్చిపోతాడని నా భయం. దీన్ని మించిన భయం నాకు లేదు.

మేం చేసేది కిరాయి దుక్కి. మొక్కజొన్న కోసేసిన చేలే ఎక్కువ. కొడవలితో ఏటవాలుగా కోసిన కొయ్యకాళ్లు ఎండాక మేకుల్లా నిలబడతాయి. వెనక టైర్లలో బరువు కోసం ముప్పాతిక దాకా నీళ్లు నింపుతాం కాబట్టి, పంక్చరు పడితే చక్రం విప్పడం ఒక్కడి వల్ల కాదు. పోయిన కోతలప్పుడు నాలుగుసార్లు పడింది. నాలుగోసారి మెత్తటి నేలలో జాకీ ఒరిగింది. తోడు వెళ్లిన ముసలాయన చెయ్యి పట్టి లాగబట్టి, మా ఆయనకు కాలి వేళ్లు రెండు నలగడంతో సరిపోయింది.

ట్రాక్టరు మా బావగారిది. ఇంట్లో మాటా ఆయనదే. టైర్లు మార్చక తప్పదన్న రోజు, ఎవరూ పిలవకపోయినా పాపను చంకనేసుకుని నేనూ కొట్టుకు వెళ్లాను. కొట్లో అడుగుపెట్టగానే బావగారు అందుకున్నారు.

"ఏడో క్లాసులో బడి మానేసిన మనిషి మనకు టైర్లు ఏరిపెడుతుందట. కుర్చీ వెయ్యవయ్యా."

కొట్టతను నవ్వాడు. మా ఆయన గోడకు వేలాడే ట్యూబుల్ని లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు.

కొట్టతను ఒక టైరు దొర్లించుకొచ్చి, ఇది పది ప్లైది, అంటే పది పొరల గట్టిదనం, కొయ్యకాలు కాదు గదా గునపం దిగినా చలించదన్నాడు. బావగారు తలూపారు. నేను పాపను కింద కూర్చోబెట్టి, టైరు పక్క మీది దుమ్ము కొంగుతో తుడిచాను.

"ఇక్కడ ఆరు అని ఉందండీ."

"అది సైజమ్మా."

"సైజు పైన వేరే ఉంది. ఇది ప్లై పక్కన ఉంది. పదిది ఉంటే తెప్పించండి."

కొట్టతను నవ్వు మానేసి లోపలికి వెళ్లాడు. బావగారి మొహం మాడిపోయింది. కొయ్యకాళ్ల చేలకోసమే చేసిన మందపాటి పది ప్లై టైర్లు వెనక రెండింటికీ వేయించి, ముందువాటికి పాతవే చాలన్నారు. నేను గెలిచాననుకున్నాను. నా తెలివి అంత.

మర్నాడు పొద్దున్నే బావగారు ట్రాక్టరులోంచి జాకీ, చెక్కదిమ్మలు తీసి వరండాలో పడేశారు. ముసలాయన్ను పనిలోంచి మాన్పించారు. ఇదేమిటని అడిగాను.

"పంక్చరు పడని టైర్లు ఏరావుగా. ఇంక ఇద్దరెందుకు?"

"పడదనలేదు బావగారూ, తక్కువ పడుతుందన్నాను. ముందువి పాతవేగా."

"అయితే కొట్లో వెలగబెట్టిన చదువంతా తప్పన్నమాట."

మా ఆయన నన్ను ఊరుకోమని సైగ చేసి బండి ఎక్కాడు.

మిగతావాళ్లు భయపడి వదిలేసిన చేలన్నీ ఇప్పుడు బావగారు ఒప్పుకుంటున్నారు. మొన్న మా ఆయన దున్నుతుంటే ముందు టైరు గాలి దిగిందట. జాకీ లేదు కదా, ఇరుసు కింద రాళ్లు పేర్చి, చక్రం కింద మట్టి తవ్వి, ఒక్కడే విప్పుకున్నాడట. గొప్పగా చెప్పాడు. అన్నం తింటున్న మనిషి ముందు నుంచి లేచిపోయాను.

బావగారూ నేనూ మాట్లాడుకోవడం లేదు. పాపను ఎత్తుకుని చేను చేనుకూ తిరగడం నా వల్ల కాదు. మీరు చేల మీదుగా వెళ్లేవాళ్లయితే, వెనక టైర్లు కొత్తగా, ముందువి నున్నగా అరిగిపోయి ఉన్న ట్రాక్టరు ఎక్కడైనా ఆగి కనిపిస్తే, దాటిపోకండి. దగ్గరకు వెళ్లి వంగి చూడండి. ఒక్కసారి పిలవండి, పలుకుతాడేమో.