దుప్పట్ల నీడ

డైనింగ్ టేబుల్ మీద అన్నం గిన్నెకి చోటు చేద్దామని మా ఆయన ఫైలు పక్కకి జరిపితే అందులోంచి ఒక ఫొటో జారిపడింది. మా అపార్ట్‌మెంటు మేడ ఫొటో. వెనకే కరెంటు కంపెనీ సర్వే రిపోర్టు: పైకప్పు ముప్పావు వంతు నీడ, సోలార్ ప్యానెళ్లకు పనికిరాదు.

మా మేడ మీద నీడా! పద్నాలుగేళ్లుగా రోజుకు రెండుసార్లు ఆ మెట్లెక్కి బట్టలారేస్తున్నదాన్ని. ఏ వేళకి ఎండ ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఫొటో మళ్లీ చూశాను. నవ్వాగలేదు. ఆ నీడ గోడది కాదు, నీళ్ల ట్యాంకుదీ కాదు. ఆ గళ్ల దుప్పటి మాది. పక్కన పూల దుప్పట్లు ఎదుటి ఫ్లాటు టీచరమ్మవి. సర్వే ఆయన వచ్చింది ఆదివారం, ఎనిమిది ఇళ్ల దుప్పట్లూ ఆరేసే రోజు. మగవాళ్లంతా కింద కుర్చీలేసుకుని కబుర్లు చెప్పి, ఒక్కరూ పైకెళ్లకుండా సంతకాలు పెట్టేశారు. ఆ రోజు కాఫీలు కలిపింది నేనే.

ఉత్సాహం పట్టలేక ఆయనకి చూపించాను. మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శి ఆయనే. "సంతకాలయ్యాక దుప్పట్లంటూ వెళ్తే నా పరువేం కాను? కరెంటు గొడవ నీకెందుకు, అన్నం పెట్టు," అన్నారు.

నాకెందుకా? ఈ ఇంట్లో బిల్లు పెరిగినప్పుడల్లా మొదట ఆగేది నా వంటింటి ఫ్యానే. ఒక్కదానివేగా, పొయ్యి దగ్గర గాలెందుకమ్మా అంటారు అత్తయ్య, హాల్లో ఫ్యాను కింద కూర్చుని. ఇప్పుడు కంపెనీ మళ్లీ రేటు పెంచుతానంటోంది. మేడల మీద తయారయ్యే కరెంటుకి మాత్రం తను అమ్మే ధరలో నాలుగో వంతే ఇస్తుందట. మా వీధి మేడలు ఎలాగూ పనికిరావు, ఎక్కువివ్వడం దండగ అనడానికి ఈ రిపోర్టులే సాక్ష్యమట. విచారణలో అభ్యంతరాలు చెప్పుకోవడానికి మర్నాడే ఆఖరి రోజని అదే ఫైల్లో నోటీసు ఉంది.

మర్నాడు వంట ముగించి, ఫొటో సంచిలో వేసుకుని, టీచరమ్మని వెంటబెట్టుకుని విచారణ జరిగే హాలుకు వెళ్లాను. ముందు వరసలో ఉన్న మా ఆయన నన్ను చూసి కూర్చోమని సైగ చేశారు. ఫొటో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను. నా గొంతు, ఎక్కడ దాక్కుందో ఇన్నాళ్లూ, ఖంగుమంది.

"మీవాళ్లు కొలిచింది మా దుప్పట్ల నీడండీ. అవి తీస్తే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మా మేడ మీద ఎండే. మా ఎండ మా దగ్గర చవగ్గా కొని, మాకే ప్రియంగా అమ్ముతారా?"

హాలంతా నవ్వింది, తర్వాత చప్పట్లు మోగాయి. నాకు చప్పట్లు! సంతోషంతో చెవులు వేడెక్కాయి.

విచారణ అధికారి ఫొటో తీసుకుని కళ్లజోడు పైకెత్తి మరీ చూశారు. వీధంతా మళ్లీ కొలవమన్నారు, అప్పటిదాకా రేటు పెంచడం ఆపమన్నారు. సర్వేవాళ్లకి దగ్గరుండి మేడ చూపించే మనిషి పేరు రాయమని ఒక కాగితం జరిపారు. మా ఆయన చటుక్కున లేచి, కార్యదర్శిని నేనేనండీ అన్నారు.

"మంచిది. పొద్దున్నే ఎండ ముందు ఏ మూలకి వస్తుందండీ?" అని అడిగారు అధికారి.

మా ఆయన నా వైపు చూశారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆయనకి జవాబు అందించలేదు. ముందుకెళ్లి ఆ కాగితం మీద నా పేరు రాశాను.