తోక అందినంత దూరం

నేను ఒక మౌసుని. కంప్యూటరు పక్కన బల్ల మీద పడి ఉంటానే, అదే. ఎలుక అని నాకు పేరు పెట్టినవాడెవడో గానీ వాడికి ఎలుకల సంగతి ఏమీ తెలియదు. ఎలుకకు నాలుగు కాళ్లుంటాయి, దూరడానికి కన్నం ఉంటుంది. నాకు ఉన్నదల్లా తోక. దాని కొస కంప్యూటరు వీపులో దిగేసి ఉంటుంది. అది అందినంత దూరమే నా లోకం. కట్టేసిన దూడనైనా పొద్దుగూకితే ఎవరో ఒకరు విప్పుతారు. నా విషయంలో ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

ఎక్కడో సముద్రాల అవతల ఒక పెద్ద షెడ్డులో పుట్టాను. అచ్చులో పోసిన రెండు నల్లచిప్పలు, కడుపు కింద ఎర్రదీపం, వీపు మీద చిన్న చక్రం. నాకు మూత బిగించిన అమ్మాయి నా ముఖం కూడా చూడలేదు. వెనక ఇంకోటి వస్తోంది కదా, చూసే తీరికేదీ. అట్టపెట్టెలో ఊపిరాడకుండా ప్రయాణం చేసి, చివరికి చిలకలూరిపేటలో ఒక ఫ్లెక్సీలు వేసే షాపులో తేలాను.

ఆ షాపులో నేను చేసిన పని చెబితే నవ్వుకుంటారు. ఒకే మనిషి ముఖాన్ని ఒకనాడు చేతులు జోడించి నవ్వుతున్నట్టు పెట్టి శుభాకాంక్షలు రాశాం. ఇంకోనాడు అదే నవ్వుకు దండ వేసి శ్రద్ధాంజలి రాశాం. రెండింటికీ కింద అభిమానుల పేర్లు అవే. ఎన్ని చేతులు నన్ను పిసికాయో లెక్కలేదు. గుట్కా చేతులు, బజ్జీల నూనె చేతులు, కోపం వస్తే నన్ను బల్లకేసి కొట్టే చేతులు. ఆ తరవాత డిజైనరు పనికి సువార్త అనే పిల్ల వచ్చింది. ఆ పిల్లది తేలిక చెయ్యి. ఓనరు టీకి వెళితే చాలు, చిన్న ఆట ఒకటి తెరిచేది. పైన రంగురంగుల బుడగలు వేలాడుతుంటాయి. కింద నుంచి ఒక్కో బుడగ వదలాలి. ఒకే రంగువి మూడు కలిస్తే పేలిపోతాయి. అంతే ఆట. గెలిస్తే వచ్చేదేమీ లేదు, ఓడితే పోయేదేమీ లేదు. మనుషులు చేసుకున్నవాటిలో ఇంత నిజాయితీ ఉన్నది నేను ఇంకోటి చూడలేదు. దాన్ని కూడా పాడుచేయగలరని అప్పుడు నాకు తెలియదు.

షాపులో కొత్త కంప్యూటర్లు దిగాక పాతదాన్ని నాతో సహా సువార్తకే ఇచ్చేశారు. ఆ పిల్ల మమ్మల్ని ఆటోలో వేసుకుని ఇంటికి తీసుకుపోయింది. వాళ్ల నాన్న కోసం.

నాన్న పేరు ఏలీషా. లారీ డ్రైవరు. మిరపకాయల లోడుతో దేశం సగం తిరిగినవాడు. ఇప్పుడు ముందుగదిలో కిటికీ పక్క మంచమే ఆయన దేశం. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది, గోడ పట్టుకుని దొడ్డి దాకా పోయి రాగలడు. చెయ్యి మాత్రం రాలేదు. వేళ్లు కదిలిస్తూ ఉండమన్నాడట డాక్టరు. కదిలితే కదా కదిలించడానికి.

ఆ ఇంట్లో బాధంతా అన్నం దగ్గరే. భార్య సంతోషమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. ఆమె రోజంతా దొడ్లో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసే మనిషి. ఎంత కడుక్కున్నా ఆ వేళ్ల మంట ముద్దలోకి వచ్చేది. ఏలీషా కళ్లలో నీళ్లు తిరిగేవి గానీ ఏమీ అనేవాడు కాదు. ఒకసారి ఆమె చెంచా తెచ్చి ఎడమచేతిలో పెడితే మాత్రం విసిరికొట్టాడు.

"ఎడంచేత్తో తింటే ఇంక మనిషినేంది నేను. కుడిచెయ్యి వచ్చినాకే నా చేత్తో తింటా. అందాకా పెడితే పెట్టు, లేకపోతే పస్తుంటా," అన్నాడు.

తన చేత్తో ఒక్క ముద్ద. ఆ ఇంటి కోరికలన్నీ అక్కడికొచ్చి ఆగాయి.

కుడిచేతికే అందేట్టు సువార్త మంచానికి కుడిపక్కన బల్ల వేసింది. ఆట తెరిచి, ఆ చేతిని ఎత్తి నా మీద పెట్టింది.

"నానా, ఇది సరదాకే. బుడగలు పేల్చటమే. కానీ కుడిచేత్తోనే ఆడాల."

"సరదాకైతే ఏ చెయ్యైతే ఏందంట?"

"డాక్టరుగారు చెప్పారు గదా, వేళ్లకి మంచిదని."

"అట్టయితే మందని చెప్పవే. సరదా అంటావేంది?"

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఆటకు మందుచీటీ రాసినరోజే అది ఆట కాకుండా పోయింది.

ఆ చెయ్యి గురించి చెప్పాలి. బరువుగా, చల్లగా, తడిసిన గోతాంలా నా మీద పడి ఉండేది. భుజం ఊపితే చెయ్యి జరిగేది, చెయ్యితోపాటు నేనూ జరిగేదాన్ని. బల్ల అంచు దాటి పడిపోయి తోకకు వేలాడేదాన్ని. ఆయన అటు చూసి తిట్టేవాడు. నన్నో, చేతినో, దేవుణ్ణో, నాకు తెలిసేది కాదు. ఇద్దరం ఒకటే స్థితి. నన్ను తీగ పట్టుకుంది, ఆయన్ని మంచం పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం అలాగే వేలాడుతున్నాను. సువార్త షాపుకు పోయింది, సంతోషమ్మ దొడ్లో ఉంది. ఏలీషా ఒళ్లంతా కుడిపక్కకు తిప్పి, ఎడమచెయ్యి చాచి నన్ను పైకి లాగాడు. బల్ల మీద పెట్టాడు. చెయ్యి మాత్రం తీయలేదు. వేడి చెయ్యి, స్టీరింగు తిప్పి కాయలు కాసిన చెయ్యి. వాకిలి వైపు ఒకసారి చూసి, కొంచెం కదిపి, నొక్కాడు.

బుడగలు గుత్తిగా రాలిపడ్డాయి.

ఏలీషా నవ్వాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన నవ్వు వినడం నాకు అదే మొదలు. గొంతులోంచి కాదు, పొట్టలోంచి వచ్చిన నవ్వు. మళ్లీ నొక్కాడు. నీలివి పోయాయి, ఎర్రవి పోయాయి. ఆ పూటంతా ఆడుతూనే ఉన్నాడు. ఎందుకు ఆడుతున్నాడో ఆయనకే పట్టలేదు. ఆట అంటే అదీ.

సాయంత్రం సువార్త వచ్చి తెర చూసింది. అన్నిటికన్నా ఎక్కువొచ్చిన స్కోరును ఆట పైన రాసి పెట్టుకుంటుంది. ఆ సంగతి ఏలీషాకు తెలియదు.

"నానా, ఇది నువ్వేనా ఆడింది?"

ఆయన నోరు తెరిచాడు. ఈలోగా ఆ పిల్ల దొడ్లోకి కేకేసింది. "అమా, నాన్న చెయ్యి వస్తంది, రా చూడు." సంతోషమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. తెర వంక చూసింది, మొగుడి వంక చూసింది, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. మిరపకాయల ఘాటో ఇంకోటో, చెప్పలేను. ఏలీషా తెరిచిన నోరు మూసుకున్నాడు.

అబద్ధమాడాడని నేననను. మాట్లాడలేదు, అంతే. కానీ మాట్లాడకుండా కట్టిన గోడను పగలగొట్టడం ఇంకా కష్టం. రోజూ సాయంత్రం ఆ పిల్ల ముందు తెర దగ్గరకే వచ్చేది. నిన్నటికన్నా పెరగకపోతే ముఖం చిన్నబోయేది. అందుకని రోజూ పెంచాలి. తమ ముందు ఆడమంటే ఏలీషా ఒప్పుకునేవాడు కాదు.

"పక్కన మనిషి నిలబడితే చెయ్యి బిగుసుకుపోద్ది," అనేవాడు.

"నిజమేలే," అనేవాడు రాజారత్నం. సంతోషమ్మ తమ్ముడు, అదే వీధిలో ఉంటాడు. "లారీ రివర్సు తీసేటప్పుడు కూడా ఎనకనించి రైట్ రైట్ అంటే బావకి కోపమే. దిగొచ్చి కొట్టబోయేవాడు."

రాజారత్నం మంచివాడు. మంచివాళ్లు చేసే నష్టానికి మందు లేదు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధనకు పోయి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా మంచం మీద కూర్చున్నాడు.

"బావా, గుళ్లో లేచి నిలబడి నీ చెయ్యి వచ్చిందని చెప్పేశా. వచ్చే ఆదివారం మనింట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరు అయ్యగారు వస్తన్నారు. నువ్వు సాక్ష్యం చెప్పి, అందరి ముందూ నీ చేత్తో మొదటి ముద్ద తినాల."

"నిన్నెవడు చెప్పమన్నాడురా రత్నం?"

"నువ్వు సిగ్గుపడతావని నేనే చెప్పా. దేవుడు చేసిన మేలు దాచిపెడతారా ఎవరన్నా?"

వాళ్లలో అది ఆచారం. మేలు జరిగితే పదిమంది ముందు లేచి నిలబడి చెప్పాలి. ఒకసారి గుళ్లో చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. సువార్త చప్పట్లు కొట్టింది. సంతోషమ్మ మళ్లీ మిరపకాయల దగ్గరకు పోయింది.

ఆ వారమంతా ఏలీషా ఎడమచెయ్యి నా మీద పడలేదు. పొద్దున లేచింది మొదలు కుడిచేతిని నా మీద పెట్టుకుని కూర్చునేవాడు. పళ్లు బిగబట్టేవాడు. మెడనరాలు తాళ్లలా లేచేవి. నేను ఆయన వేలి కింద నిశ్శబ్దంగా ఉండి కాచుకునేదాన్ని. నా చెవి, అదే నొక్కే మీట, ఎంత చిన్నది, దాన్ని నొక్కడానికి ఎంత బలం కావాలి. పసిపిల్ల నొక్కగలదు. బుధవారంనాడు కాబోలు, చూపుడువేలు ఒక్కసారి అదిరింది. నొక్కుడు పడింది. బుడగ పోయి ఎక్కడో పనికిరాని చోట అతుక్కుంది. ఏలీషా ఊపిరి బిగబట్టి మళ్లీ ప్రయత్నించాడు. చీకటిపడేదాకా ప్రయత్నించాడు. ఆ వేలు మళ్లీ కదల్లేదు, ఆ మర్నాడు కూడా.

"స్కోరు పెరగలేదే. కూడిక కోసం చెయ్యి దాచుకుంటన్నావా నానా?" అంది సువార్త. ఆయన కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.

ఆదివారం వచ్చింది. గుడి నుంచి చాపలు తెచ్చి పరిచారు. గది నిండి, వాకిట్లోకి కూడా కూర్చున్నారు. పాటలు పాడారు, అయ్యగారు వాక్యం చెప్పారు. వెనక దొడ్లో అన్నం దించిన వాసన వస్తోంది. ఏలీషాకు తెల్లచొక్కా తొడిగి మంచం మీద కూర్చోబెట్టారు. ఆయన చెమట నా దాకా తెలుస్తోంది. సాక్ష్యం వేళకి రాజారత్నం లేచాడు.

"అయ్యగారూ, బావ మాటకారి కాదు. ముందు చేసి చూపిస్తాడు, తరవాత చెప్తాడు," అని కంప్యూటరు ఆన్ చేసి ఆట తెరిచాడు. బావ కుడిచేతిని తానే ఎత్తి, నా మీద జాగ్రత్తగా పెట్టి పక్కకు తప్పుకున్నాడు. "ఎవరూ దగ్గరకి రాబాకండి, బిగుసుకుపోద్దంట."

అందరూ నవ్వారు. తరవాత ఊరుకున్నారు. తరవాత ఎదురుచూశారు.

అన్ని కళ్లు నా మీదే. బతుకంతా ఎవరూ చూడని వస్తువుని నేను, ఆ రోజు నాకూ పారిపోవాలనిపించింది. పైన ఆ చెయ్యి బరువుగా ఉంది. లోపల ఎక్కడో భుజం దగ్గర ఏదో వణుకుతోంది, అది వేళ్ల దాకా రావడం లేదు. వెనకనుంచి ఎవరో ముసలమ్మ "ప్రభువా" అంటోంది మెల్లగా. బుడగలు వేలాడుతూనే ఉన్నాయి.

ఏలీషా తన ఎడమచేత్తో కుడిచేతిని నా మీదనుంచి ఎత్తాడు. రోడ్డు మీద లారీ కింద పడినదాన్ని ఎత్తినట్టు ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒళ్లు తిప్పి, ఎడమచెయ్యి నా మీద వేశాడు. ఆడాడు. గుత్తులు గుత్తులుగా రాలాయి. అంత మూగగా ఉన్న గదిలో ఆ ఆట మాత్రం సిగ్గులేకుండా గెలిచినప్పటి పాట పాడింది.

"రోజూ ఆడింది ఇదండీ అయ్యగారూ," అన్నాడు ఏలీషా. "అది రాలేదు. రాదు."

"మరి ఇన్నాళ్లూ..." అన్నాడు రాజారత్నం.

"కూర్చోరా రత్నం."

సువార్త వచ్చి తెర ఆపేసింది. అందరూ అయ్యగారి వంక చూశారు. ఆయన బైబిలు మూసి పక్కన పెట్టాడు. "అన్నం చల్లారిపోతంది. వడ్డించండమ్మా," అన్నాడు.

విస్తళ్లు పడ్డాయి. ఎవరి విస్తరి వంక వాళ్లు చూసుకుంటున్నారు. సంతోషమ్మ కంచం తెచ్చి బల్ల మీద, నా పక్కనే పెట్టింది. ఎప్పటిలా కలిపి పెడుతుందనుకున్నాను. ఏలీషా కూడా అలాగే అనుకున్నాడేమో, తల వంచి నోరు కొంచెం తెరిచాడు. ఆమె పోయి చెంబూ పళ్లెమూ తెచ్చింది. మొగుడి ఎడమచెయ్యి పట్టుకుని పళ్లెం మీదకు లాగి నీళ్లు పోసింది. వేళ్ల సందుల్లో వేలు పెట్టి రుద్దింది. గోళ్లలో నా మురికి ఉంది, అదీ తీసింది.

"నీకు తెలుసా?" అన్నాడాయన, ఆమెకు మాత్రమే వినపడేట్టు.

"మజ్జానం పూట నవ్వేవాడివి. తొడాలు తీస్తా విని, ఓ పూట తొంగిచూశా." కొంగుతో ఆ చెయ్యి తుడిచింది. "అడిగితే ఆ నవ్వు కూడా మానేస్తావని అడగలా. తిను ఇంక."

ఆయన కంచం దగ్గరకు లాక్కున్నాడు. తరవాత ఎడమచెయ్యి అన్నంలో పెట్టాడు. కలపడం రాలేదు. పప్పు ఒక పక్కకు, అన్నం ఒక పక్కకు పోయింది. మొదటి ముద్ద సగం చొక్కా మీద పడింది, కొంత నా మీద పడింది. మిగిలింది నోట్లోకి పోయింది. మంట లేని ముద్ద. నమిలి మింగేదాకా సంతోషమ్మ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది. తుడవడానికి వంగలేదు.

కుడిచెయ్యి మళ్లీ రాలేదు. మంచం అక్కడే ఉంది, కిటికీ అక్కడే ఉంది. బల్ల మాత్రం ఎడమపక్కకు మారింది. సువార్త తీగ లేని కొత్త మౌసును తెచ్చి దాని మీద పెట్టింది. స్కోరు ఎవరూ అడగరు. నన్ను విప్పి, మంచం కింద పాత రేకుడబ్బాలో వేశారు. నట్లు, బోల్టులు, పనిచేయని టార్చిలైటు, వాటి మధ్య పడి ఉన్నాను. పాతసామాన్లవాడు వచ్చినరోజు పోతాను. పైన బుడగలు పేలుతుంటే వింటాను. ఒక్కోసారి నవ్వు కూడా వినపడుతుంది.

నన్ను తీసేసింది ముసలిదాన్నయ్యానని కాదు. ఆ రోజు పడిన అన్నంలో ఒక మెతుకు నా చక్రం సందులో ఇరుక్కుంది. ఎండి రాయైపోయింది. సువార్త పిన్నీసుతో తీయబోతే రాలేదు, చక్రం తిరగడం మానేసింది. ఇన్ని చేతుల కింద ఇన్నేళ్లు నలిగినందుకు నాకు దక్కింది ఈ మెతుకొక్కటే. ఆ మనిషి తన చేత్తో కలుపుకున్న అన్నంలోది.