కందికట్టె మీద గాటు

పాత రాగి వాషర్లు మళ్ళీ వెయ్యకూడదు, వేస్తే మళ్ళీ డీజిలు చెమ్మ వస్తుంది అని పేటలో స్పేరు పార్టుల షాపు జ్ఞానయ్య చెప్పింది నిజమే గానీ పారెయ్యబుద్ధి కావడం లేదు, అన్నయ్యా తనూ కలిసి బెజవాడ నుంచి ఈ ట్రాక్టరు తోలుకొచ్చిన నాటివి, అన్నయ్య పోయి పెద్దకర్మ కూడా అయిపోయింది, అందరూ ఏడ్చారు, తనకే కంట తడి రాలేదు, చూసినవాళ్ళు ఏమనుకున్నారో ఏమో, అనుకోనీ, తన గురించి అనుకోవడం కొత్తా ఏమన్నానా, అనుకుంటూ వెంకటరత్నం రిటర్ను పైపు మీద పేరుకున్న జిడ్డుమట్టిని గుడ్డతో తుడిచాడు, ఇంజను నాజిళ్ళు తాగగా మిగిలిన డీజిలు ఈ సన్నపైపులోంచే తిరిగి ట్యాంకులోకి పోవాలి, పోవడం లేదు, కిందివైపు, ఇంజనుకి ఆనుకున్నచోట, వెంట్రుకంత పగులు, బండి ఆగి ఉంటే బొట్టు కూడా రాదు, నడుస్తుంటే దారి పొడుగునా కారుతుంది, ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు.

పడితే తన బతుకు ఇలా ఎందుకుంటుంది, పొలాలు పంచుకున్నప్పుడు ట్రాక్టరును రెండు ముక్కలు చెయ్యలేక వంతులేసుకున్నారు, చీకటి పక్షం నందిగామ పక్కన అన్నయ్య పొలంలో, వెన్నెల పక్షం ఇక్కడ జగ్గయ్యపేట పక్కన తన పొలంలో, ట్యాంకు నిండా పోసి బయల్దేరాలి, దారి ఖర్చు పోను, అవతల చేరాక ట్యాంకులో కందికట్టె ముంచితే గాటు దాకా తడవాలి, అదీ ఒప్పందం, ఆ కట్టె విరిచి కత్తితో గాటు పెట్టిందీ అన్నయ్యే, తను తోలుకెళ్ళిన ప్రతిసారీ గాటుకి రెండు వేళ్ళు కిందే తడిసేది, చివరికి నందిగామ కాఫీహోటల్లో పదిమందిలో అననే అన్నాడు, దార్లో ఎక్కడ తోడుకుంటున్నావురా రత్నం, అడిగితే నేనే పోస్తాగా, నేను తోడలేదన్నయ్యా, అమ్మతోడు, అమ్మని మధ్యలోకి లాగమాకు, కట్టె చెప్తోందిగా, హోటల్లో ఉన్నవాళ్ళంతా ఎవరి గ్లాసుల్లోకి వాళ్ళు చూసుకున్నారు, ఆ తర్వాత తామిద్దరి మధ్యా మాటల్లేవు, పండక్కీ లేవు పబ్బానికీ లేవు, ఆ రోజు నుంచీ ఇటు వచ్చిన బండికి తనూ కట్టె ముంచి చూశాడు, అన్నయ్య తోలుకొచ్చింది మాత్రం సరిగ్గా గాటు దాకా, ఒక్కసారి తప్పితే ఒట్టు, ఆసుపత్రి మంచం మీద కూడా అన్నయ్య తన వంక చూసి ఏదో అనబోయి, దాహం అన్నాడు, తను గ్లాసు అందించాడు, అంతే.

బోల్టు బోలుది, కసి కొద్దీ బిగిస్తే పుటుక్కున విరుగుతుంది, నెమ్మది, కొత్త పైపుకి పైనొక వాషరు, కిందొక వాషరు, వేళ్ళు ఎవరివో అన్నట్టు కదులుతున్నాయి, మొన్న మొదటిసారి అన్నయ్య లేకుండా ఆ వైపు నుంచి బండి వచ్చింది, వదిన భారతీదేవి డ్రైవరు సాంబయ్యతో పంపింది, అలవాటు కొద్దీ కట్టె ముంచితే రెండు వేళ్ళు కింద, ఏరా సాంబయ్యా, నువ్వూ తోడావా, అయ్యో లేదండీ, ట్యాంకు మూత ముట్టుకుంటే ఒట్టండీ, పెద్దాయనైతే ఎప్పుడూ డబ్బాడు డీజిలు సీటు వెనకాల కట్టుకుని బయల్దేరేవారండీ, నేనే హడావిడిలో మర్చిపోయొచ్చానండీ, సర్లే పో, రెండు వేళ్ళు, సరిగ్గా తనకి పడిన రెండు వేళ్ళే, అందుకే ఇంజను నడుస్తుండగా కిందకి దూరి వెతికాడు, దొరికింది, దొరికినా ఏమీ అనిపించలేదు, ఇక ఈ పగిలిన పైపు పట్టుకుని నందిగామ బస్సెక్కాలి, చూడు వదినా, నీ మరిది దొంగ కాదు అనాలి, ఆ కాఫీహోటల్లో బల్ల మీద కూడా పెట్టాలి, అన్నయ్య ముందు పెడదామంటేనే అన్నయ్య లేడు.

స్టార్టు చేశాడు, కొత్త పైపు కింద గుడ్డ పెట్టి చూశాడు, పొడిగా ఉంది, కాసేపాగి మళ్ళీ చూశాడు, పొడే, ఇంట్లోంచి భార్య పుష్పవతి కేకేసింది, అన్నం చల్లారిపోతోందండీ, వస్తున్నా, ఇక నందిగామ దాకా తోలినా చుక్క పోదు, కట్టె గాటు దాకా తడుస్తుంది, అన్నయ్య తెచ్చినప్పటిలాగే, అన్నయ్య తెచ్చినప్పుడూ ఆ పైపే కదా, ఆ పగులే, ఆ దారే, సాంబయ్య తోలితే కారింది అన్నయ్య తోలితే కారకుండా ఉంటుందా, మరి గాటు దాకా ఎలా తడిసిందీ, డబ్బా, సీటు వెనకాల డబ్బా, ఊరి బయట సాగర్ కాలవ దగ్గర బండి ఆపి, అటూ ఇటూ చూసి, ట్యాంకులో వంచి, మూత బిగించి, చేతులు తుడుచుకుని, అప్పుడు తన వాకిట్లోకొచ్చి, పలకరించకుండా తాళంచెవి అరుగు మీద పెట్టి బస్సుకి పోయేవాడు, పైపు సంగతి బయటపెడితే హోటల్లో అన్న మాట వెనక్కి తీసుకోవాలి, తీసుకోలేక పోశాడు, వంతు వంతుకీ పోశాడు, ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది అన్నయ్యా.

వెంకటరత్నం ఇంజను ఆపాడు. పాత పైపు వదినకీ చూపించక్కర్లేదు, హోటల్లోనూ పెట్టక్కర్లేదు. తను తోడలేదని అన్నయ్యకి తెలుసు, ఎప్పుడో తెలుసు.